కదిలే సరుకుపై చెదరని ముద్ర

సరుకు తయారుచేసినవాడు ఒకచోట, కొన్నవాడు మరొకచోట ఉన్నప్పుడు వారిద్దరి నడుమ సాక్షిగా నిలిచేది ముద్ర ఒక్కటే. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎంత కొలత, ఎంత వెల అనే ప్రశ్నలకు చేసినవాని నోటి మాట అందని దూరంలో అతని గుర్తే సమాధానం చెబుతుంది. నేడు మందుల పెట్టె మీద, నీళ్ల సీసా మీద, నూనె డబ్బా మీద కనిపించే చిన్న అక్షరాల వరుస ఈ సుదీర్ఘ చరిత్రలో తాజా అధ్యాయం. కర్మాగారంలో ఆ సరుకు పరుగెత్తుతూ ఉండగానే, దానిని ముట్టుకోకుండా, ఆపకుండా ఒక కాంతి కిరణం ఆ అక్షరాలను రాసి వదిలిపెడుతుంది. ఈ లేజర్ ముద్రణ ఆధునిక యంత్ర విజ్ఞానంలో ఒక భాగమే అయినా, దాని వెనుక ఉన్న ప్రశ్నలు మాత్రం చాలా పాతవి. ముద్ర ఎవరి కోసం? దానిని చెరపకుండా కాపాడేది ఏది? దానిని చదవగలిగేది ఎవరు?

మన ఉపఖండంలో సరుకుపై గుర్తు వేసే అలవాటు సింధు నాగరికత నాటిది. గుజరాత్‌లోని లోథాల్‌లో ఎస్.ఆర్.రావు నాయకత్వాన 1955 నుంచి జరిగిన తవ్వకాలలో గిడ్డంగి శిథిలాల మధ్య మట్టి ముద్రికలు అనేకం బయటపడ్డాయి. వాటికి ఒకవైపు ముద్రబిళ్ల అచ్చు, వెనుకవైపు తాళ్లు, బట్ట, రెల్లు చాపల జాడలు కనిపించాయి. అంటే సరుకును మూటగట్టి, ముడిమీద తడిమట్టి పెట్టి, దానిపై ముద్ర ఒత్తేవారన్న మాట. మూట విప్పాలంటే మట్టి పగలాలి. మట్టి పగిలితే మోసం బయటపడుతుంది. చెరిపితే తెలిసిపోవడమే ముద్రకు ప్రాణం అన్న సూత్రం నాలుగు వేల ఏళ్ల క్రితమే ఇక్కడి వర్తకులకు తెలుసు.

కౌటిల్యుని అర్థశాస్త్రం ఈ సూత్రాన్ని శాసనంగా మార్చింది. సరిహద్దు అధికారి అయిన అంతపాలుడు విదేశీ వర్తకుల సరుకును పరిశీలించి, గుర్తింపు ముద్ర వేసి, శుల్కాధ్యక్షుని వద్దకు పంపాలని ఆ గ్రంథం విధించింది. ముద్ర లేని సరుకుకు చెల్లించవలసిన సుంకానికి రెట్టింపు దండన. కూటముద్ర, అనగా దొంగముద్ర, వేసినవానికి సుంకానికి ఎనిమిది రెట్ల దండన. తూనికరాళ్లను, కొలపాత్రలను నాలుగు నెలలకు ఒకసారి సరిచూసి ముద్ర వేయించుకోవాలనే నియమం కూడా అందులో ఉంది. ముద్ర లేకపోవడం కంటే దొంగముద్ర ఎన్నో రెట్లు పెద్ద నేరమన్న వివేకం ఇక్కడ గమనించదగినది. ముద్ర లేని సరుకును చూసి కొనుగోలుదారు జాగ్రత్తపడగలడు. దొంగముద్ర మాత్రం అతని నమ్మకాన్నే ఆయుధంగా చేసుకుంటుంది.

అయితే ఆ ముద్ర ప్రధానంగా రాజుగారి బొక్కసానికి కాపలా కాసింది. కళ్లంలో ధాన్యపు రాశిపై తడిమట్టితోనో బూడిదతోనో కొయ్యముద్ర వేయించే ఆచారం ఉపఖండంలో చాలాచోట్ల చిరకాలం సాగింది. సర్కారు వాటా తేలకముందు రైతు పిడికెడు గింజలు తీసినా రాశి మీది అచ్చు చెదిరిపోయేది. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి ఎగుమతయ్యే బట్టలపై ఛాపా వేసి సుంకం వసూలు చేసేవారు. కోరమాండల్ తీరానికి వచ్చిన ఐరోపా కంపెనీలు ఈ ముద్రసుంకం నుంచి మినహాయింపు కోసం దర్బారులో మంతనాలు జరిపాయి. తూర్పు తీరపు అద్దకం బట్టలు సముద్రాలు దాటి వెళ్లినా, వాటిపై పడిన గుర్తులు పాలకునివి లేదా వర్తక కంపెనీవి. నేసినవాని పేరు గాని, కట్టుకునేవాని హక్కు గాని వాటిలో కనిపించవు.

కొనేవాని కోసం ముద్ర వేయాలన్న ఆలోచన మన దేశంలో చట్టరూపం ధరించింది మిల్లు బట్టల యుగంలో. 1889 నాటి సరుకుల గుర్తుల చట్టం తప్పుడు వర్ణనలను నేరంగా పరిగణించింది. మిల్లులో తయారైన తానుపై దాని పొడవు ఎన్ని గజాలో స్పష్టంగా ముద్రించనిదే అమ్మకానికి బయటికి పంపరాదని నిర్దేశించింది. కాని ఆ అంకెలు ఇంగ్లీషు అంకెలై ఉండాలని కూడా ఆ చట్టమే చెప్పింది. రక్షణ కొనేవానికి, అక్షరం మాత్రం పాలకునికి. ఈ వైరుధ్యం ఆనాటితో ముగిసిపోలేదు.

ఇరవయ్యవ శతాబ్దంలో ముద్ర ప్రాణరక్షణకు సంబంధించిన విషయంగా మారింది. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ ద్రవౌషధం సేవించి వందమందికి పైగా మరణించారు. మందును కరిగించడానికి డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషపదార్థాన్ని వాడడమే ఇందుకు కారణం. తయారైన 240 గ్యాలన్లలో మిగిలినదంతా వెనక్కి రప్పించడానికి ఆ దేశపు ఆహార, ఔషధ సంస్థ ఇన్‌స్పెక్టర్లు అమ్మకాల పుస్తకాలు, వైద్యుల చీటీలు తిరగేస్తూ ఊరూరా తిరగవలసి వచ్చింది. ఏ సీసా ఏ విడతలో తయారైంది, ఎక్కడికి వెళ్లింది అన్నది ఎంత త్వరగా తెలిస్తే అన్ని ప్రాణాలు దక్కుతాయన్న పాఠం అప్పుడు ప్రపంచానికి తెలిసివచ్చింది. మన దేశంలో కర్నల్ ఆర్.ఎన్.చోప్రా అధ్యక్షతన 1930లో ఏర్పడిన ఔషధ విచారణ సంఘం కల్తీ మందుల బెడదను అంతకు ముందే వెల్లడించింది. ఆ క్రమంలో 1940లో ఔషధ చట్టం, 1945లో దాని నియమావళి వచ్చాయి. మందుపై బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ ముద్రించడం ఈ నియమావళి వల్ల స్థిరపడిన సంప్రదాయమే. స్వాతంత్ర్యానంతరం 1976 నాటి తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం కింద 1977లో ప్యాకేజీ సరుకుల నియమాలు వెలువడ్డాయి. తయారీదారు పేరు, నికర పరిమాణం, తయారైన నెల, సంవత్సరం, వెల ప్యాకెట్టుపై ఉండాలన్నది వీటి సారాంశం. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం, 2011 నాటి నియమాలు వీటి స్థానంలోకి వచ్చాయి.

చట్టం ఆదేశించినంత సులువుగా యంత్రం ఆ పని చేయలేకపోయింది. లేబులును అచ్చాఫీసులో లక్షల సంఖ్యలో ముందే ముద్రించి ఉంచుకోవచ్చు. తేదీని, బ్యాచ్ నంబరును అలా ముద్రించడం వీలుకాదు. అవి సరుకు పుట్టిన రోజునే, పుట్టిన చోటనే పడాలి. తొలిరోజులలో రబ్బరు స్టాంపులు, అంకెలు మార్చుకునే ఉక్కు అచ్చులు ఈ పని చేశాయి. కన్వేయర్ బెల్టుల వేగం పెరిగేకొద్దీ, ఆగి ముద్ర వేసుకునే తీరిక సరుకుకు లేకుండా పోయింది. 1960ల తొలినాళ్లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్వీట్ సిరాధారను సమానమైన బిందువులుగా విడగొట్టి, వాటికి విద్యుదావేశం కల్పించి, కోరిన దిశకు మళ్లించే పద్ధతిని రూపొందించాడు. దాని నుంచి వచ్చిన ఇంక్‌జెట్ యంత్రాలు కదిలే సరుకును తాకకుండానే తేదీ వేయగలిగాయి. నేటికీ అనేక కర్మాగారాలలో అవే పనిచేస్తున్నాయి. కాని ఆ సిరా ఉపరితలంపై మాత్రమే నిలుస్తుంది. ద్రావకంలో తడిపిన దూదితో తుడిస్తే చాలాసార్లు చెరిగిపోతుంది. కాలం చెల్లిన సరుకుపై పాత తేదీ తుడిచి కొత్త తేదీ వేసే కూటముద్రకారులకు ఇది కలిసివచ్చింది.

ఇదే కాలంలో మరో ప్రయోగశాలలో ఈ చిక్కుకు పరిష్కారం మరొక రూపంలో సిద్ధమవుతూ వచ్చింది. ఉత్తేజిత ఉద్గారం అనే భావనను ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ 1917లో ప్రతిపాదించాడు. దాని ఆధారంగా థియొడోర్ మైమన్ 1960 మే 16న కెంపు స్ఫటికంతో తొలి లేజర్‌ను వెలిగించాడు. అయితే కర్మాగారానికి కావలసిన లేజర్‌ను అందించినవాడు ఒక భారతీయుడు. మహారాష్ట్రలోని బారామతిలో 1938లో జన్మించిన చంద్రకుమార్ నారన్‌భాయ్ పటేల్ పుణె ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, స్టాన్‌ఫర్డ్‌లో 1961లో డాక్టరేటు పొంది, బెల్ ప్రయోగశాలలో చేరాడు. 1964లో ఆయన కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను ఆవిష్కరించాడు. నైట్రోజన్ అణువులు విద్యుచ్ఛక్తిని గ్రహించి, తమ కంపనశక్తిని కార్బన్ డయాక్సైడ్ అణువులకు అందిస్తాయి. అవి ఆ శక్తిని 10.6 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ కాంతిగా వెలువరిస్తాయి. అప్పటివరకు ఉన్న వాయు లేజర్ల కంటే ఇది ఎన్నో రెట్లు సమర్థమైనది. కాగితం, అట్ట, గాజు, చాలా రకాల ప్లాస్టిక్కులు ఈ కాంతిని బాగా పీల్చుకుంటాయి. ప్యాకింగుకు వాడే పదార్థాలు కూడా ఇవే కావడం పారిశ్రామిక చరిత్రలో ఒక శుభ సంయోగం. అదే 1964లో బెల్ ప్రయోగశాలలోనే రూపొందిన నియోడిమియం యాగ్ లేజర్, తరువాతి కాలపు ఫైబర్ లేజర్లు సుమారు ఒక మైక్రాన్ తరంగదైర్ఘ్యంతో లోహాలపై ముద్ర వేయడానికి అనువైనవిగా నిలిచాయి.

కదిలే వస్తువుపై రాయడంలోని కష్టం ఒక చిన్న లెక్కతో తేటపడుతుంది. నిమిషానికి 600 సీసాలు సాగే వరుసలో ఒక్కొక్క సీసాకు దొరికే సమయం సెకనులో పదో వంతు. బెల్టు సెకనుకు ఒక మీటరు వేగంతో నడుస్తూ ఉంటే, తేదీ రాయడానికి సెకనులో నూటికి మూడు వంతుల కాలం పట్టినా ఆలోగా సీసా మూడు సెంటీమీటర్లు ముందుకు జరిగిపోతుంది. రాసే కిరణం నిలిచిన చోటనే ఉంటే అక్షరాలు సాగి, అలికినట్టు అయిపోతాయి.

దీనికి మొదట దొరికిన ఉపాయం అక్షరాలను ఒకటొకటిగా రాయకుండా, మొత్తం ఒకేసారి అచ్చు వేయడం. కెనడాలో జాక్ బోలియు రూపొందించి 1970లో ప్రకటించిన టీఈఏ లేజర్ మైక్రోసెకను స్థాయిలో శక్తిమంతమైన మెరుపులను విడుదల చేయగలిగింది. ఆ మెరుపును అంకెలు చెక్కిన లోహపు రేకు గుండా పంపితే, ఆ అంకెల ఆకారంలోనే కాంతి సీసా మీద పడుతుంది. మైక్రోసెకను కాలంలో పై సీసా కదిలేది ఒక్క మైక్రాను మాత్రమే. కంటికి ఆ కదలిక తెలియదు. కాని తేదీ మారినప్పుడల్లా రేకు మార్చాలి. ఒక్కొక్క పెట్టెకు ఒక్కొక్క సంఖ్య వేయాలంటే ఈ పద్ధతి చాలదు.

తరువాత వచ్చిన పద్ధతిలో కిరణమే కలమై రాస్తుంది. విద్యుత్ప్రవాహాన్ని కొలిచే గాల్వనోమీటరు సూత్రంపై అటూ ఇటూ తిరిగే రెండు చిన్న అద్దాలలో ఒకటి కిరణాన్ని అడ్డంగానూ, రెండవది నిలువుగానూ నడిపిస్తుంది. సరుకు వచ్చిందని ఒక కాంతి గ్రాహకం కబురు చెబుతుంది. బెల్టుతో పాటు తిరిగే చిన్న చక్రానికి అమర్చిన ఎన్‌కోడర్ అనే పరికరం సరుకు ఎంత దూరం కదిలిందో క్షణక్షణం లెక్క అందిస్తుంది. కంప్యూటరు ఆ దూరాన్ని ప్రతి గీతకు కలిపి, అద్దాలను అంత మేరకు మళ్లిస్తుంది. ఫలితంగా కిరణం సరుకు వెంట నడుస్తూనే రాస్తుంది. బెల్టు మందగించినా, వేగం పుంజుకున్నా అక్షరం వంకరపోదు. నడిచే పల్లకి పక్కన తానూ నడుస్తూ లోపలివారితో సంభాషించేవాని నేర్పు వంటిది ఇది.

ముద్ర పడే తీరు పదార్థాన్ని బట్టి మారుతుంది. అట్టపెట్టె మీద ముందే పూసిన రంగుపొర ఆవిరైపోయి అడుగున ఉన్న తెల్లదనం అక్షరంగా బయటపడుతుంది. గాజుపై సూక్ష్మమైన పగుళ్లు ఏర్పడి తెల్లగా కనిపిస్తాయి. ప్లాస్టిక్కు కొన్నిచోట్ల కరిగి నురగలా ఉబ్బుతుంది. తెల్లని ప్లాస్టిక్కులోని టైటానియం డయాక్సైడ్ అతినీలలోహిత లేజర్ సోకి నల్లబడుతుంది. ఈ ముద్రలన్నిటిలోనూ సామాన్య లక్షణం ఒకటే. అక్షరం సరుకు మీద పూతగా ఉండదు, సరుకు శరీరంలోనే మార్పుగా ఉంటుంది. దానిని చెరపాలంటే ఆ భాగాన్నే గీకివేయాలి. లోథాల్ వర్తకుని తడిమట్టి చేసిన పనినే ఈ కిరణం కొత్తగా చేస్తున్నది. సిరా, ద్రావకాల ఖర్చు లేకపోవడం దీనికి అదనపు లాభం. యంత్రం వెల ఎక్కువ కావడం, వెలువడే పొగను పీల్చివేసే ఏర్పాటు, పనివారి కళ్లకు రక్షణ తప్పనిసరి కావడం దీని బరువులు.

భారతదేశంలో లేజర్ పరిశోధనకు 1984లో ఇందౌర్‌లో అణుశక్తి శాఖ నెలకొల్పిన ఉన్నత సాంకేతిక కేంద్రం ఒక ముఖ్య స్థానంగా రూపొందింది. రాజా రామన్న పేరుతో నేడు వ్యవహరించబడుతున్న ఆ సంస్థ పరిశ్రమలకు పనికివచ్చే కార్బన్ డయాక్సైడ్, నియోడిమియం యాగ్ లేజర్లను స్వదేశంలో నిర్మించింది. ముద్రకు అతి పెద్ద అవసరం ఏర్పడినది మాత్రం మందుల పరిశ్రమలో. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ సంస్థ సోవియట్ సహకారంతో హైదరాబాదులోని బాలానగర్‌లో సంశ్లేషిత ఔషధాల కర్మాగారాన్ని స్థాపించింది. ఆ కర్మాగారం కాలక్రమంలో కుంగిపోయినా, దాని నీడన శిక్షణ పొందిన రసాయన శాస్త్రజ్ఞులు, సాంకేతిక నిపుణులు జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం ప్రాంతాలలో వందలాది సంస్థల ఎదుగుదలకు తోడ్పడ్డారు. విశాఖపట్నం సమీపంలోని పరవాడ కూడా తరువాత ఈ పటంలో చేరింది. తెలుగు నేలపై తయారైన మందులు ఎన్నో దేశాలకు వెళుతున్నాయి. ఒకప్పటి మచిలీపట్నం బట్టల వలెనే అవి కూడా దూరదేశపు కొనుగోలుదారునికి తమ గుర్తుతోనే పరిచయమవుతాయి.

2022 నవంబరు 17న కేంద్ర ప్రభుత్వం ఔషధ నియమావళికి సవరణ తెచ్చింది. దాని ప్రకారం ఎక్కువగా అమ్ముడుపోయే 300 మందుల బ్రాండ్లపై 2023 ఆగస్టు 1 నుంచి బార్‌కోడ్ గాని, క్యూఆర్ కోడ్ గాని ఉండాలి. మందు పేరు, తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, తయారీ, గడువు తేదీలు, లైసెన్సు సంఖ్య ఆ గళ్ల చతురస్రంలో ఇమిడి ఉంటాయి. ఇంతటి సమాచారాన్ని పరుగెత్తే పెట్టెపై వేయడంలో లేజర్ వంటి సాధనాల విలువ మరింత స్పష్టమైంది.

అయినా ముద్రను సత్యంగా పొరబడరాదు. 1986లో బొంబాయిలోని జె.జె. ఆస్పత్రిలో డైఇథిలిన్ గ్లైకాల్ కలిసిన గ్లిజరిన్ వాడకం వల్ల 14 మంది రోగులు మరణించారు. జస్టిస్ లెంటిన్ సంఘం ఆ ఉదంతంపై విచారణ జరిపింది. అర్ధశతాబ్దం క్రితం అమెరికాలో ప్రాణాలు తీసిన విషమే మళ్లీ వచ్చింది. దానిని పట్టుకోవలసినది ప్రయోగశాలలో పరీక్ష, దానిని జరిపించే అధికారి నిజాయతీ. డబ్బా మీద ఏ అక్షరం ఎంత చెరగని విధంగా పడినా, లోపలి ద్రవాన్ని అది పరీక్షించజాలదు. తప్పుడు తేదీని కూడా లేజర్ అంతే శ్రద్ధగా రాస్తుంది. ప్రమాదం జరిగినప్పుడు ఏ పెట్టెలను వెంటనే వెనక్కి తీసుకోవాలో చెప్పడం ముద్ర చేయగల మేలు. అది చిన్నది కాదు, కాని అంతవరకే.

మిగిలిన ప్రశ్న చదువరిది. లేజర్ మిల్లీమీటరు కంటే చిన్న అక్షరాన్ని కూడా రాయగలదు. ఆ సామర్థ్యం కొనేవాని కంటికి శత్రువుగా మారే అవకాశం ఉంది. అందుకే అక్షరాలకు కనీస ఎత్తును, స్పష్టతను నియమాలు నిర్దేశించాయి. ప్యాకేజీ సరుకుల నియమాల ప్రకారం వివరాలు దేవనాగరి లిపిలో హిందీలో గాని, ఇంగ్లీషులో గాని ఉండాలి. వాటికి అదనంగా ఇతర భాషలు వాడుకోవడానికి అభ్యంతరం లేదు. అభ్యంతరం లేదన్న ఆ చిన్న వాక్యంలోనే కోట్లాది పాఠకుల ప్రయోజనం దాగి ఉంది. గ్రామంలో పురుగుమందు డబ్బా కొనే రైతు, బిడ్డకు జ్వరం మందు కొనే తల్లి తమకు వచ్చిన లిపిలో గడువు తేదీని చదువుకోగలిగినప్పుడే ముద్ర తన పని పూర్తిచేసినట్టు.

పూర్వం దీనికి యంత్రాలే అడ్డు చెప్పేవి. ఉక్కు అచ్చులు ఇంగ్లీషు అంకెలకే దొరికేవి. తెలుగు గుణింతాలకు, ఒత్తులకు వేరే పోతలు పోయించాలంటే ఖర్చు ఎక్కువ. లేజర్‌కు అచ్చులతో పని లేదు. అద్దం ఎటు తిరిగితే అటు గీత పడుతుంది. దానికి రోమన్ అక్షరమూ, తెలుగు అక్షరమూ, ఉర్దూ అక్షరమూ ఒకటే. 1889లో తాను పొడవు ఇంగ్లీషు అంకెల్లోనే ఉండాలన్న శాసనానికి ఆనాటి పాలనా సౌకర్యం ఒక సాకు కావచ్చు. ఈనాడు అటువంటి సాకు యంత్రం వైపు నుంచి లేదు. రాజు కోసం పుట్టిన ముద్ర వర్తకుని చేతికి, అతని నుంచి కొనేవాని రక్షణకు వచ్చింది. అది అతని భాషలో మాట్లాడటం ఒక్కటే మిగిలింది. ఆ నిర్ణయం ఇప్పుడు నియమాలు రాసేవారి చేతిలోనూ, కర్మాగారాలు నడిపేవారి మనసులోనూ ఉంది.